పదవి లేకుండానే అంత పలుకుబడి: రూజ్‌వెల్ట్ ఆంతరంగికుడు హ్యారీ హాప్కిన్స్ గురించి ఒక సందేహం

పుటలు తిప్పేవాడు (ప్రశ్న)

సభ్యులకు నమస్కారం. రెండవ ప్రపంచ యుద్ధకాలపు దౌత్య చరిత్రను ఆరు నెలలుగా చదువుతున్నాను. ఏ అధ్యాయం తెరిచినా హ్యారీ హాప్కిన్స్ అనే పేరు ఎదురవుతోంది. 1941 జనవరిలో బాంబుల వానలో తడుస్తున్న లండన్‌కు వెళ్లి బ్రిటన్ ప్రధాని చర్చిల్‌ను కలిసింది ఆయనే. అదే ఏడాది జులై చివర మాస్కోలో స్టాలిన్‌తో ముఖాముఖి మాట్లాడింది ఆయనే. టెహరాన్, యాల్టా శిఖరాగ్ర సమావేశాలలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వెంట ఉన్నదీ ఆయనే. అయితే ఆయన విదేశాంగ మంత్రి కాదు, సేనాని కాదు, ఏనాడూ ప్రజల ఓటుతో గెలిచిన మనిషీ కాదు. యాల్టా తప్ప మిగతాదంతా అసలు విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ పదవిలో ఉండగానే జరిగింది.

మన దగ్గర రాష్ట్రపతికి కార్యదర్శి ఉంటారు కానీ, ఆయన పేరు సామాన్య పాఠకుడికి తెలియవలసిన అవసరం రాదు. మరి ఒక జీను సామాను వ్యాపారి కొడుకు, వృత్తిరీత్యా సంఘసేవకుడు, చర్చిల్, స్టాలిన్‌ల వంటివారు ఎదురుచూసే దూతగా ఎలా మారాడు? ఆ పలుకుబడికి ఆధారం ఏమిటి? తెలిసినవారు కొంచెం వివరంగా రాయగలరు.

గోదావరి గట్టు

పుటలు తిప్పేవాడు గారూ, ముందుగా మీ పోలికను కొంచెం సరిచేయవలసి ఉంది. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకుంటారు కాబట్టి ఆయన కార్యదర్శికి విధాన నిర్ణయాలలో పెద్ద పాత్ర ఉండదు. అమెరికా అధ్యక్షుడు రాజ్యానికీ ప్రభుత్వానికీ కూడా అధినేత. అందుచేత హాప్కిన్స్‌కు దగ్గరి పోలిక కావాలంటే రాష్ట్రపతి భవన్‌ను వదిలి ప్రధానమంత్రి కార్యాలయం వైపు చూడాలి. లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర ఎల్.కె. ఝా, ఇందిరాగాంధీ దగ్గర పి.ఎన్. హక్సర్, మన పి.వి. నరసింహారావు దగ్గర ఎ.ఎన్. వర్మ ఆ కోవకు చెందినవారు. అయితే వీరందరూ ప్రభుత్వ సర్వీసులలో ఎదిగి వచ్చినవారు. హాప్కిన్స్ వచ్చిన దారి పూర్తిగా వేరు.

ఆయన 1890 ఆగస్టు 17న అయోవా రాష్ట్రంలోని సూ సిటీలో పుట్టాడు. తల్లి మెథడిస్టు సంప్రదాయాన్ని నిష్ఠగా పాటించే మనిషి. గ్రిన్నెల్ కళాశాలలో 1912లో చదువు ముగించి, న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో క్రిస్టడోరా హౌస్ అనే సేవాకేంద్రంలో చేరాడు. వలస వచ్చిన పేదలుండే వాడలోనే కార్యకర్తలు కాపురముండి పనిచేసే పద్ధతి అక్కడిది. తరువాతి ఇరవై ఏళ్లు పిల్లల సంక్షేమం, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రెడ్‌క్రాస్, ఆపైన క్షయవ్యాధి నివారణ సంఘం, ఇలా ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు మారుతూ గడిపాడు. 1931లో న్యూయార్క్ గవర్నరుగా ఉన్న రూజ్‌వెల్ట్ నిరుద్యోగుల సహాయం కోసం ఒక తాత్కాలిక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు దాని నిర్వహణ హాప్కిన్స్ చేతికి వచ్చింది. వారిద్దరి అనుబంధానికి మొదలు అదే.

రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యాక 1933 మే నెలలో ఆయనను వాషింగ్టన్‌కు పిలిపించి సమాఖ్య సహాయ సంస్థను అప్పగించాడు. గది సర్దేవరకు ఆగలేక నడవలోనే బల్ల వేయించుకుని కూర్చున్నాడనీ, మొదటి రెండు గంటలలోనే 50 లక్షల డాలర్లకు పైగా రాష్ట్రాలకు మంజూరు చేశాడనీ చెబుతారు. ఆ దశ గురించి మరొకరు నాకన్నా బాగా రాయగలరని ఆశిస్తూ, మీరు అడిగిన పలుకుబడి విషయానికి వస్తాను.

1940 మే 10న, అంటే జర్మనీ సేనలు హాలండ్, బెల్జియంల మీద పడిన రోజున, హాప్కిన్స్ రాత్రి భోజనానికి వైట్‌హౌస్‌కు వెళ్లాడు. ఒంట్లో బాగాలేకపోవడం చూసి రూజ్‌వెల్ట్ ఆ రాత్రికి అక్కడే ఉండమన్నాడు. ఆ రాత్రి మూడున్నర ఏళ్లు సాగింది. బానిసల విమోచన ప్రకటన మీద లింకన్ సంతకం చేసిన గదే ఆయన పడకగదీ, కార్యాలయమూ అయింది. ఆయన పని బల్ల కూడా పేకాట బల్ల వంటిదే. మంత్రులు అపాయింట్‌మెంట్ అడిగి, వేచి ఉండి, పావుగంట మాట్లాడి వెళ్లేవారు. పోలియో వల్ల కాళ్లు కదలని అధ్యక్షుడి గదికి హాప్కిన్స్ మాత్రం వరండా దాటి, డ్రెస్సింగ్ గౌనుతోనే నడిచి వెళ్లగలిగేవాడు. ఆ వరండాయే ఆయన పదవి అని నా అభిప్రాయం.

1940 అధ్యక్ష ఎన్నికలలో రూజ్‌వెల్ట్ చేతిలో ఓడిన వెండెల్ విల్కీ 1941 జనవరిలో ఇదే ప్రశ్న ఆయనను అడిగాడు. ఇంతమంది అనుమానించే మనిషిని ఎందుకు ఇంత దగ్గరగా ఉంచుకున్నారన్నది దాని సారాంశం. ఏదో ఒకనాడు మీరే ఈ కుర్చీలో కూర్చుంటే, ఆ తలుపు తీసుకుని వచ్చే ప్రతివాడూ ఏదో ఒకటి కోరుకునే వస్తాడని మీకు అర్థమవుతుందనీ, సేవ చేయడం తప్ప మరేమీ కోరని మనిషి అవసరం అప్పుడు తెలుస్తుందనీ రూజ్‌వెల్ట్ జవాబిచ్చాడు.

లండన్ ప్రయాణం కూడా ఆ నెలలోనే జరిగింది. బ్రిటన్ నిలబడగలదా, చర్చిల్‌ను నమ్మవచ్చా అన్నది తేల్చుకు రావడం ఆయన పని. చుట్టుతిరుగుడు లేకుండా అసలు సంగతికి వచ్చే తీరు చూసి, ఈయనకు బిరుదు ఇస్తే “అసలు విషయపు ప్రభువు” అని ఇవ్వాలని చర్చిల్ చమత్కరించాడు. గ్లాస్గోలో జరిగిన విందులో హాప్కిన్స్ లేచి, తిరిగి వెళ్లి అధ్యక్షుడికి ఏమి చెబుతానో వినండి అంటూ బైబిలులోని రూతు మాటలు చదివాడు. మన తెలుగు బైబిలులో అవి ఇలా ఉంటాయి: “నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను, నీవు నివసించుచోటనే నేను నివసించెదను, నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు.” చివర “అంతం వరకు” అని తన మాట ఒకటి చేర్చాడు. చర్చిల్ కళ్లు చెమర్చాయని అక్కడున్నవారు రాశారు. మార్చి 11న, మిత్రదేశాలకు వెంటనే డబ్బు అడగకుండా ఆయుధాలు, సామగ్రి ఇచ్చే లెండ్-లీజ్ చట్టం వచ్చింది. పొరుగింటికి నిప్పంటుకుంటే ముందు నీళ్ల గొట్టం ఇస్తాం కానీ దాని ఖరీదు అడగం కదా అని రూజ్‌వెల్ట్ పత్రికలవారికి సర్దిచెప్పిన పథకం అదే. ఆ గొట్టం ఎవరికి, ఎంత పొడవున ఇవ్వాలో చూసే పని హాప్కిన్స్‌కు అప్పగించాడు.

కరువుసీమ

గోదావరి గట్టు గారు వదిలిపెట్టిన భాగాన్ని నేను అందుకుంటాను. మాది అనంతపురం ప్రాంతం. మా తాతగారు కరువు పనుల్లో కంకర కొట్టినవారు. మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది కూడా మా జిల్లాలోని బండ్లపల్లిలోనే. అందుచేత హాప్కిన్స్ అనగానే నాకు యాల్టాకన్నా ముందు పలుగూ పారా గుర్తుకు వస్తాయి.

పని లేనివాడికి ఊరికే డబ్బు ఇవ్వాలా, పని చూపి కూలి ఇవ్వాలా అన్న చర్చ మనకు కొత్తది కాదు. హాప్కిన్స్ మొదట నేరుగా సహాయం పంచిన సంస్థకే అధిపతి అయినా, దానం పుచ్చుకునే మనిషి లోలోపల కుంగిపోతాడని న్యూయార్క్ వాడల్లో స్వయంగా చూసినవాడు కాబట్టి, పని ఇవ్వడమే మేలని పట్టుబట్టాడు. 1933 నవంబరులో మొదలైన పౌర నిర్మాణ సంస్థ రెండు నెలలు తిరిగేసరికి 40 లక్షలకు పైగా మందికి కూలి ఇచ్చింది. కంప్యూటర్లు, బ్యాంకు ఖాతాలు లేని కాలంలో, చలి ముదిరే లోపల అంతమంది పేర్లు నమోదు చేసి వారం వారం చెల్లించడం ఎంత పెద్ద పనో, మస్టర్ రోల్ అనే మాట తెలిసిన ఏ ఊరి మేటునడిగినా చెబుతాడు.

1935లో వచ్చిన పనుల ప్రగతి సంస్థ అంతకన్నా పెద్దది. అది 1943లో మూతపడే నాటికి సుమారు 85 లక్షల మంది అందులో పనిచేశారు. కొత్తగా వేసినవీ బాగుచేసినవీ కలిపి ఆరున్నర లక్షల మైళ్ల రోడ్లు, 1.25 లక్షల ప్రభుత్వ భవనాలు దాని లెక్కలో ఉన్నాయి. నన్ను ఆకర్షించేది మాత్రం మరొకటి. రచయితలకు, నటులకు, చిత్రకారులకు, సంగీతకారులకు కూడా అందులో పని కల్పించారు. వాళ్లకూ అందరిలాగే ఆకలి వేస్తుంది కదా అన్నది హాప్కిన్స్ వాదం. ఆ రచయితల విభాగం వారు ఊరూరా తిరిగి, ఒకప్పుడు బానిసలుగా బతికి ఇంకా ప్రాణాలతో ఉన్న ముసలివారి చేత వారి కథలు చెప్పించుకుని రాసుకున్నారు. అలా రెండు వేల మూడు వందలకు పైగా వాంగ్మూలాలు దక్కాయి. మరో పదేళ్లు ఆలస్యమైతే వాటిలో చాలావరకు మట్టిలో కలిసిపోయేవి.

అంతర్గత వ్యవహారాల మంత్రి హెరాల్డ్ ఇక్స్‌తో ఆయనకు ఎడతెగని పోటీ నడిచింది. ఇక్స్ చేతిలో ఉన్న ప్రజా పనుల సంస్థ ఆనకట్టలు, పెద్ద వంతెనల వంటి వాటి మీద పైసా పైసా లెక్కచూసుకుంటూ నెమ్మదిగా ఖర్చు పెట్టేది. హాప్కిన్స్ సిమెంటుకూ ఇనుముకూ తక్కువ, కూలికి ఎక్కువ వెళ్లే పనులను ఎంచుకునేవాడు. దీర్ఘకాలంలో ఆర్థికవ్యవస్థ దానంతటదే కుదురుకుంటుందని వాదించినవారితో, మనుషులు దీర్ఘకాలంలో తినరు, ప్రతిరోజూ తింటారు అని ఆయన అన్న మాట ప్రసిద్ధం.

మచ్చలు లేవని చెప్పను. ఆకులు ఊడ్చి జీతం తీసుకుంటున్నారని పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ ఎగతాళి మన ఉపాధి కూలీలకు కూడా బాగా అలవాటే. 1938 ఎన్నికలలో కొన్ని రాష్ట్రాలలో ఈ పనులను ఓట్ల కోసం వాడుకున్నారన్న ఆరోపణ అంతకన్నా బరువైనది. ప్రభుత్వోద్యోగులు ఎన్నికల ప్రచారంలో పాల్గొనడాన్ని కట్టడి చేసే హ్యాచ్ చట్టం 1939లో రావడానికి అది ఒక ముఖ్య కారణం.

పాత దస్తావేజు

ఈ చర్చలో భారతదేశం ప్రస్తావన రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. హాప్కిన్స్ జీవితంలో మనకు నేరుగా తగిలే వారం ఒకటి ఉన్నది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజులలో ఢిల్లీలో, భారత నాయకులతో రాజీ కోసం బ్రిటన్ పంపిన క్రిప్స్ రాయబారం కొనఊపిరితో ఉంది. రూజ్‌వెల్ట్ వ్యక్తిగత ప్రతినిధి హోదాలో వచ్చిన కర్నల్ లూయీ జాన్సన్, రక్షణ శాఖను భారతీయులకు ఎంతవరకు అప్పగించవచ్చన్న విషయంలో క్రిప్స్‌కూ నెహ్రూకూ మధ్య ఒక సూత్రం కుదర్చడానికి తిరుగుతున్నాడు. వైస్రాయి లిన్‌లిత్‌గోకు అది మింగుడుపడలేదు. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ 8న, యూరప్‌లో సేనలను దింపే ఆలోచన మీద మాట్లాడడానికి హాప్కిన్స్, అమెరికా సైన్యాధిపతి జనరల్ మార్షల్ లండన్ చేరారు. జాన్సన్ నిజంగా మీ అధ్యక్షుడి తరఫున మధ్యవర్తిత్వం చేస్తున్నాడా అని చర్చిల్ అడిగినప్పుడు, జాన్సన్‌ను పంపింది బ్రిటిష్ ప్రతిపాదనల మీద మధ్యవర్తిత్వానికి కాదని హాప్కిన్స్ చెప్పాడు. చర్చిల్ ఆ మాటను వెంటనే ఢిల్లీకి చేరవేశాడు. జాన్సన్ కాళ్లకింది నేల అక్కడితో కదిలిపోయింది.

ఏప్రిల్ 12 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో చర్చిల్ గ్రామీణ నివాసమైన చెకర్స్‌లో హాప్కిన్స్ ఉండగానే రూజ్‌వెల్ట్ తంతి వచ్చింది. క్రిప్స్‌ను వెనక్కి పిలవవద్దనీ, మరొక ప్రయత్నం చేయమనీ అందులో ఉంది. చర్చిల్ మండిపడ్డాడు, అవసరమైతే పదవి వదులుకుంటానన్నంత దూరం వెళ్లాడు. యుద్ధకాలమంతటిలో రూజ్‌వెల్ట్ చేసిన సూచనలలో భారతదేశం గురించి చేసినవాటికి వచ్చినంత కోపం మరి దేనికీ రాలేదని హాప్కిన్స్ తరువాత అన్నాడు. ఆగస్టులో క్విట్ ఇండియా, దాని వెంట కాంగ్రెస్ నాయకుల అరెస్టులు. మన పట్టాభి సీతారామయ్య అహమ్మద్‌నగర్ కోటలో బందీ అయిన కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

హాప్కిన్స్ వల్లనే క్రిప్స్ రాయబారం చెడిందని నేను అనను. చర్చిల్, లిన్‌లిత్‌గో ఇద్దరికీ అది ఫలించడం ఇష్టం లేదు. కానీ చర్చిల్‌తో చనువు కాపాడుకోవడం, ఆ పెద్ద కూటమిని నిలబెట్టడం ఆయనకు ముఖ్యం. ఆ తూకంలో మన దేశం తేలిపోయింది. గ్లాస్గోలో చదివిన రూతు మాటలను ఇటువైపు నుంచి వింటే అంత తియ్యగా ఉండవు.

ఎదురు తెడ్డు

అందరూ ఆసక్తికరంగా రాశారు. గోదావరి గట్టు గారు ఉటంకించిన విల్కీ కథ గురించి మాత్రం నాకొక అభ్యంతరం ఉన్నది. “ఏమీ కోరని మనిషి” అన్న మాట 1941 నాటికి నిజం కావచ్చు. అంతకు మూడేళ్ల ముందు అది నిజం కాదు. 1938లో హాప్కిన్స్ అధ్యక్ష పదవికే గురిపెట్టాడు, రూజ్‌వెల్ట్ కూడా ప్రోత్సహించాడు. వాణిజ్య మంత్రి పదవి ఇవ్వడంలో ఉద్దేశం అదే. 1937 అక్టోబరులో భార్య బార్బరా క్యాన్సరుతో చనిపోయింది. ఆ ఏడాది చివరకల్లా ఆయనకే కడుపులో క్యాన్సరు బయటపడి, మేయో క్లినిక్‌లో కడుపులో చాలా భాగం తీసేశారు. 1939లో వైద్యులు ఆశ వదులుకున్నారు. ఆయన బతికాడు, ఆశయం మాత్రం బతకలేదు. రూజ్‌వెల్ట్‌కు దొరికింది కోరికలు లేని రుషి కాదు, కోరికలు చచ్చిపోయిన రోగి. ఈ తేడా ముఖ్యమని నా ఉద్దేశం.

రెండవది జవాబుదారీతనం. రూజ్‌వెల్ట్ స్వయంగా నియమించిన బ్రౌన్‌లో కమిటీ 1937లో అధ్యక్షుడికి సహాయకులు కావాలని చెబుతూ, వారికి అజ్ఞాతంగా ఉండిపోవాలనే తపన ఉండాలని షరతు పెట్టింది. ఆ సిఫారసుల ఫలితంగానే 1939లో అధ్యక్షుడి కార్యనిర్వాహక కార్యాలయం ఏర్పడింది. హాప్కిన్స్‌కు ఆ షరతు ఎక్కడ సరిపోయింది? 1942లో వైట్‌హౌస్‌లోనే మూడవ పెళ్లి చేసుకున్నాడు. ఆ డిసెంబరులో దేశమంతా రేషను మీద బతుకుతుండగా, కోటీశ్వరుడు బెర్నార్డ్ బరూక్ ఆ దంపతుల కోసం ఇచ్చిన ఆడంబరమైన విందు వంటకాల జాబితా పత్రికలకెక్కింది. ఆయుధాల కేటాయింపు మండలికి అధ్యక్షత వహిస్తూ ఏ యుద్ధరంగానికి ఎన్ని ట్యాంకులో, ఎన్ని విమానాలో తేల్చేవారిలో ముఖ్యుడైన వ్యక్తిని, ఆ పనికి సెనేట్ విచారించి ఆమోదించలేదు. యాల్టాలో జర్మనీ చెల్లించవలసిన యుద్ధ నష్టపరిహారాల చర్చ నడుస్తుండగా, రష్యన్లు చాలా విషయాలలో దిగివచ్చారు కాబట్టి వారిని నిరాశపరచవద్దని ఆయన రూజ్‌వెల్ట్‌కు రాసి అందించిన చీటీ ఉన్నది. అది తప్పో ఒప్పో తరువాత మాట, ఆ చీటీకి ఎవరికి జవాబు చెప్పాలి?

గోదావరి గట్టు

ఎదురు తెడ్డు గారూ, మీ మొదటి మాటను ఒప్పుకుంటున్నాను, నేను అంత సూటిగా ఆలోచించలేదు. రెండవదానిలో సగం మాత్రమే ఒప్పుకోగలను. జవాబుదారీ అధ్యక్షుడిదే, ఆయన 1944లో మళ్లీ ప్రజల ముందుకు వెళ్లి గెలిచాడు. ఇక యాల్టా చీటీ వంటివాటిని పట్టుకుని తరువాతి కాలంలో కొందరు హాప్కిన్స్‌ను సోవియట్ గూఢచారి అని కూడా రాశారు. చరిత్రకారులలో ఎక్కువమంది దానిని అంగీకరించలేదు.

రష్యా విషయంలో ఆయన లెక్క వేరు. 1941 జులైలో స్కాట్లాండ్ నుంచి కాటలీనా విమానంలో ఇరవై గంటలకు పైగా వణుకుతూ ఆర్చాంగెల్‌కు, అక్కడి నుంచి మాస్కోకు వెళ్లాడు. జర్మనీ దెబ్బకు రష్యా కొన్ని వారాలలో కూలిపోతుందని అమెరికా సైనికాధికారులు అనుకుంటున్న రోజులవి. ఏం కావాలని అడిగితే స్టాలిన్ విమాన విధ్వంసక తుపాకులతో పాటు అల్యూమినియం కూడా అడిగాడు. అల్యూమినియంతో విమానాలు తయారు చేయడానికి నెలలూ ఏళ్లూ పడతాయి. రేపో మాపో ఓడిపోతాననుకునేవాడు అది అడగడు. ఆ ఒక్క కోరిక నుంచి హాప్కిన్స్ గ్రహించినది నిజమైంది. తిరుగు ప్రయాణంలో మందులు మాస్కోలోనే మరిచిపోయి, స్కాపా ఫ్లోలో ఓడ ఎక్కేసరికి ప్రాణం మీదికి వచ్చింది.

పుటలు తిప్పేవాడు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రశ్నకు నాలుగు దిక్కుల నుంచి వెలుగు వచ్చింది, విశాఖ బాంబుల వారానికీ ఈయనకూ సంబంధం ఉంటుందని నేను ఊహించలేదు. చివరగా ఒక్కటి అడుగుతాను. పలుకుబడికి మూలం వరండా అయితే, ఆ ఇల్లు వదిలాక ఏమైంది?

గోదావరి గట్టు

1943 డిసెంబరులో హాప్కిన్స్ భార్యతో, కూతురు డయానాతో జార్జ్‌టౌన్‌లోని సొంత ఇంటికి మారాడు. మెరైన్ దళంలో చేరిన చిన్న కొడుకు స్టీఫెన్ 1944 ఫిబ్రవరిలో, పద్దెనిమిదేళ్ల వయసులో, మార్షల్ దీవుల పోరులో చనిపోయాడు. కొడుకు ఒక సిపాయి చెల్లించవలసిన రుణం చెల్లించాడన్న షేక్‌స్పియర్ పంక్తులను చర్చిల్ అందంగా రాయించి పంపాడు. ఆ ఏడాది చాలా నెలలు హాప్కిన్స్ ఆసుపత్రులలోనే గడిపాడు. అన్నాళ్లూ రూజ్‌వెల్ట్ ఆయనను అంతగా పిలవలేదు, ఇతరులతో పని నడిపించుకున్నాడు.

యాల్టా నుంచి వెనక్కి వస్తూ ‘క్విన్సీ’ యుద్ధనౌక 1945 ఫిబ్రవరిలో అల్జీర్స్ రేవుకు చేరినప్పుడు, ఇక సముద్ర ప్రయాణం తన వల్ల కాదని హాప్కిన్స్ అక్కడే దిగిపోతానన్నాడు. కాంగ్రెసు ముందు చదవవలసిన ప్రసంగాన్ని ఓడలో కూర్చుని కలిసి రాసుకోవాలని ఆశించిన రూజ్‌వెల్ట్ నొచ్చుకున్నాడు, వీడ్కోలు ముభావంగా జరిగింది. వాళ్లు మళ్లీ కలుసుకోలేదు. ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ చనిపోయాడు.

కొత్త అధ్యక్షుడు ట్రూమన్ మే నెలాఖరున ఆయనను మంచం మీది నుంచి లేపి మాస్కోకు పంపాడు. స్టాలిన్‌తో ఆరుసార్లు సమావేశమై, భద్రతామండలిలో ఒక విషయాన్ని కనీసం చర్చకు తీసుకోవడాన్ని వీటోతో అడ్డుకోకూడదన్న అంగీకారాన్ని రాబట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆగిపోయిన ఐక్యరాజ్యసమితి చార్టరు పని దానితో కదిలింది. పోలండ్ విషయంలో దక్కినది బహు తక్కువ. జులైలో రాజీనామా చేసి న్యూయార్క్ వెళ్లిపోయాడు. 1946 జనవరి 29న అక్కడే, 55 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అస్థికలను గ్రిన్నెల్‌కు, చదువుకున్న ఊరికే తీసుకువెళ్లారు.